గాటు పెట్టకుండా కండను చూడటం

పిల్లలూ,

ఒకే కోచ్ దగ్గర ఒకేలా ప్రాక్టీసు చేసినా, మీలో ఒకరు వంద మీటర్లలో దూసుకుపోతారు, ఇంకొకరు ఐదు కిలోమీటర్లు పరిగెత్తినా అలసిపోరు. దానికున్న కారణాల్లో ఒకటి మీ కండరాల్లోనే ఉంది.

కండరాల్లో ముఖ్యంగా రెండు రకాల పోగులుంటాయి. నెమ్మది పోగులు ఆక్సిజన్ వాడుకుంటూ చాలాసేపు పనిచేస్తాయి. వేగం పోగులు ఒక్కసారిగా బలం చూపిస్తాయి, అంతే త్వరగా అలసిపోతాయి. ఎవరిలో ఏవి ఎక్కువో తెలియాలంటే బయాప్సీ చేసేవారు. అంటే మత్తిచ్చి, చర్మానికి చిన్న గాటు పెట్టి, లావుపాటి సూదితో కండ ముక్క తీయడం. పోటీలకు తయారవుతున్న పిల్లల మీద ఆ పని చేయడానికి నాకైతే మనసొప్పదు. పైగా ఆ చిన్న ముక్క మొత్తం కండరం సంగతి చెప్పకపోవచ్చు.

2011లో బెల్జియంలోని ఘెంట్ విశ్వవిద్యాలయం పరిశోధకులు మరో దారి చూపించారు. కండరాల్లో కార్నోసిన్ అనే పదార్థం ఉంటుంది. అది వేగం పోగుల్లో దాదాపు రెట్టింపు. దాన్ని కొలిస్తే పోగుల సంగతి అంచనా వేయొచ్చు కదా!

కొలిచేది ఎంఆర్‌ఐ యంత్రమే. 3 టెస్లా (అయస్కాంత బలానికి కొలమానం) అయస్కాంతంలో కాలు పెట్టి కదలకుండా పడుకుంటే, పిక్కలోని హైడ్రోజన్ కేంద్రకాలు దాదాపు 128 మెగాహెర్ట్జ్ రేడియో తరంగాలకు స్పందిస్తాయి. మన ఎఫ్‌ఎం స్టేషన్లకు కాస్త పైన అన్నమాట. అయితే హైడ్రోజన్ ఏ అణువులో ఉందో దాన్నిబట్టి ఆ ఫ్రీక్వెన్సీ రవ్వంత మారుతుంది. నీటిలోని హైడ్రోజన్‌కూ, కార్నోసిన్‌లోని ఒక హైడ్రోజన్‌కూ తేడా సుమారు 400 హెర్ట్జ్ మాత్రమే! నీటి సంకేతం చాలా పెద్దది కాబట్టి ముందు దాన్ని అణచివేసి, మిగిలిన గ్రాఫులో కార్నోసిన్ శిఖరాన్ని వెతుకుతారు. నాకు అన్నిటికంటే అబ్బురం అనిపించేది ఇదే. ఎక్స్‌రే లేదు, సూది లేదు.

స్ప్రింటర్ల పిక్కల్లో మామూలువాళ్లకంటే 30 శాతం దాకా ఎక్కువ కార్నోసిన్ కనిపించింది. దూరం పరిగెత్తేవాళ్లలో 20 శాతం దాకా తక్కువ.

ఇది పోగులను లెక్కపెట్టడం కాదు, అంచనా. వ్యాయామం చేసేవాళ్లు కొందరు తీసుకునే బీటా అలనిన్ అనే పొడి వాడేవాళ్లలో కార్నోసిన్ పెరుగుతుంది, అప్పుడు లెక్క తప్పుతుంది. మగవాళ్లలో సహజంగానే ఎక్కువ ఉంటుంది కాబట్టి మగవాళ్లను మగవాళ్లతో, ఆడవాళ్లను ఆడవాళ్లతోనే పోల్చాలి. ఈ కొలత చూసి ఎవరినైనా టీమ్ నుంచి తీసేస్తామంటే నేను ఒప్పుకోను.

మరి దీంతో ఉపయోగం ఏమిటంటారా? ఘెంట్‌వాళ్లే 2020లో ప్రచురించిన మరో ప్రయోగం చూడండి. స్కానింగ్‌తో రెండు గుంపులుగా విడదీసినవాళ్లచేత, 30 సెకన్లపాటు శక్తికొద్దీ సైకిల్ తొక్కించారు, అలా మూడుసార్లు. నెమ్మది పోగులు ఎక్కువున్నవాళ్లు 20 నిమిషాల్లో తేరుకున్నారు. వేగం పోగులు ఎక్కువున్నవాళ్లు ఐదు గంటలైనా పూర్తిగా తేరుకోలేదు. ఈ సంగతి తెలిసిన కోచ్ అందరికీ ఒకే విశ్రాంతి ఇవ్వడు. సాయంత్రం ప్రాక్టీసులో కాళ్లు బరువెక్కిన పిల్లను బద్ధకస్తురాలని తిట్టడు.

ప్రేమతో,
తాతయ్య