టచింగ్ తెలుపు వైపే ఎందుకు నడిచింది

తిరుపతిలో చాలా పెళ్లి ఆల్బమ్‌లలో పెళ్లికూతురి ముఖం ఒక రంగు, చేతులు ఇంకో రంగు. ముఖానికి టచింగ్ చేసి, అంటే ఫోటోలో మచ్చలు, ముడతలు, రంగు దిద్ది, చేతుల్ని వదిలేస్తారు. పుస్తకాలు ముందేసుకుని పోర్ట్రెయిట్ లైటింగ్, రీటచింగ్ నేర్చుకుంటున్న కుర్రాళ్లకు ఈ అలవాటు ఎక్కడిదో తెలియాలి.

మొదటి లోపం ప్లేటులోనే ఉంది. ప్లేటంటే ఫిల్ముకు ముందు కెమెరాలో బొమ్మ పట్టిన, మందు పూసిన గాజు పలక. 1851లో వచ్చిన కొలోడియన్ ప్లేటు నీలం కాంతినే బాగా పట్టేది. ఎరుపు, పసుపు దాదాపు పట్టేది కాదు. చామనఛాయ చర్మం నుంచి నీలం తక్కువగా తిరిగొస్తుంది. దాంతో మనిషి ఉన్నదానికన్నా నల్లగా పడేవాడు, చిన్న మచ్చ కూడా కొట్టొచ్చినట్టు కనిపించేది. 1855 పారిస్ ప్రదర్శనలో మ్యూనిక్ ఫోటోగ్రాఫర్ ఫ్రాంజ్ హాన్‌ఫ్‌స్టాంగ్ల్ టచింగ్‌కు ముందు, తర్వాత వేసిన ప్రింట్లను పక్కపక్కన పెట్టి చూపించాడు. అక్కణ్ణుంచి అది స్టూడియోల రోజువారీ పనైంది.

వెనక నుంచి వెలుతురు పడే వాలు బల్ల మీద నెగటివ్, అంటే నలుపు తెలుపులు తారుమారుగా పడిన బొమ్మ పెట్టి, వార్నిష్ లాంటి మందు రాసి, సన్నగా చెక్కిన పెన్సిల్‌తో చుక్కలు పెట్టేవాళ్లు. ముడత ఉన్నచోట నెగటివ్ పలచగా ఉంటుంది. అక్కడ పెన్సిల్ పడితే ప్రింటులో ఆ మేర తెల్లబడుతుంది. అంటే పెన్సిల్ తెలుపు చేయగలదు గానీ నలుపు చేయలేదు. నలుపు కావాలంటే కత్తితో గీకాలి. చెయ్యి జారిందా, నెగటివ్ పోయినట్టే. తెల్లగా ఉంటేనే అందమనే మన పిచ్చికి ఆ పెన్సిల్ బాగా కలిసొచ్చింది.

1906లో అన్ని రంగులూ పట్టే పాన్‌క్రొమాటిక్ ప్లేట్లు అమ్మకానికొచ్చాయి. అవసరం తగ్గినా అలవాటు పోలేదు. కలర్ కాలంలో ప్రింటు రంగులు సరిచూసుకోవడానికి కొడాక్ ల్యాబులకిచ్చిన నమూనా ఫోటో, షర్లీ కార్డు మీద ఉన్నది తెల్లజాతి అమ్మాయి; ఆమె ఛాయ కుదిరితే ప్రింటు కుదిరినట్టు లెక్క. 1990లో ఫోటోషాప్, 2002లో అందులోకి మచ్చలు చెరిపే హీలింగ్ బ్రష్ వచ్చాయి. పనిముట్లు మారినా చెయ్యి తెలుపు వైపే పోతోంది.

ఇంగ్లీషు పుస్తకాల్లోని లైటింగ్ బొమ్మలు కూడా ఎక్కువగా తెల్ల ముఖాల మీద వేసినవే. తెల్ల ముఖంలో ఆకారాన్ని నీడ చూపిస్తుంది, మన ఛాయలో మెరుపు చూపిస్తుంది. అందుకే గాజు, లోహం ఫోటో తీయడం గురించిన అధ్యాయమే మనవాళ్ల ముఖాలకు ఎక్కువ పనికొస్తుందని నా గట్టి నమ్మకం. తిరుమలలో తలనీలాలిచ్చి స్టూడియోకొచ్చిన గుండునే చూడండి. చిన్న ఫ్లాష్ నేరుగా కొడితే నెత్తి మీద సున్నపు బొట్టులా తెల్లమచ్చ పడుతుంది. అక్కడ పోయిన వివరాన్ని ఏ సాఫ్ట్‌వేరూ వెనక్కి తేలేదు. అదే ఫ్లాష్‌ను పెద్ద తెల్ల గొడుగులో పెట్టి దగ్గరికి జరిపితే మెరుపు పలచగా పరుచుకుని తల గుండ్రం తెలుస్తుంది. రెండోవైపు థర్మాకోల్ షీటు నిలబెడితే చెంప నీడ కూడా తేలికపడుతుంది. గంధం పూసిన గుండుకైతే మెరుపు దానంతటదే తగ్గుతుంది.

ఇలా తీస్తే టచింగ్‌కు మిగిలేది ఒక మొటిమో, చెదిరిన వెంట్రుకో. "కొంచెం తెల్లగా చెయ్యండి" అని అడిగే ఇంటివాళ్లకు ముందు ఆ ప్రింటు చూపించండి.