వంద రూపాయల పత్రం ఎంతదూరం వస్తుంది? స్టాంపు డ్యూటీపై అపోహలు – వాస్తవాలు

సంక్రాంతి వెళ్ళాక వారం రోజులు మా బల్ల దగ్గర ఖాళీ ఉండదు. హైదరాబాదు, విశాఖ, చెన్నై నుంచి పండక్కి వచ్చినవాళ్ళు తిరుగు రైలెక్కేలోపు వాటాలు, బేరాలు తేల్చేసుకోవాలని చూస్తారు. మొన్న పోలాకి వైపు నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. ప్లాస్టిక్ కవరులోంచి నాలుగు మడతలు పెట్టిన వంద రూపాయల పత్రం తీసి బల్ల మీద పరిచాడు.

"రాసీసుకున్నాం బాబూ. పెద్దమనుషులు సంతకాలు ఎట్టీసినారు. డబ్బులూ ఇచ్చీసినాను. ఒక్క సీలు ఏయించీయండి, సాలు."

ఐదు సెంట్ల ఇంటిస్థలం. ఇరవై లక్షల బేరం. దానికి వంద రూపాయల కాగితం.

శ్రీకాకుళంలో దస్తావేజులు రాసే పని నాకు మా నాన్నగారి దగ్గర అబ్బింది. ఆ బల్ల ముందు రోజూ వినే మాటల్లో నష్టం ఎక్కువ చేసేవి కొన్ని ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: స్టాంపు పత్రం మీద రాసి, పెద్దల సంతకాలు పెట్టిస్తే అమ్మకం అయిపోయినట్టే.

కాలేదు. వంద రూపాయలు, ఆపైన విలువున్న స్థిరాస్తి అమ్మకం రిజిస్టరు దస్తావేజుతోనే జరగాలి. స్టాంపు డ్యూటీ అనేది కాగితం మీద ప్రభుత్వం వేసే పన్ను, దానికి 1899 నాటి స్టాంపు చట్టం ఉంది. రిజిస్ట్రేషన్ వేరే సంగతి, దానికి 1908 చట్టం. ఒకటి కట్టినంత మాత్రాన రెండోది జరిగినట్టు కాదు. నోటరీ సీలు ఈ రెండిట్లో ఏదీ కాదు. జీపీఏ, అంటే మన తరఫున పని చేయమని ఇంకొకరికి అధికారమిచ్చే పత్రం, రాయించుకుని ఇల్లు కొనేశామనుకునేవాళ్ళు ఇప్పటికీ వస్తున్నారు. జీపీఏతో హక్కు బదిలీ కాదని సుప్రీంకోర్టు 2011లోనే తేల్చేసింది.

పెద్దాయన స్థలానికి లెక్క వేసి చూపించాను. ఐదు సెంట్లంటే 242 గజాలు. ప్రభుత్వ విలువ గజం ఆరువేలు అనుకుంటే 14,52,000. బేరం అంతకంటే ఎక్కువ, 20 లక్షలు. రెండిట్లో ఏది ఎక్కువైతే దాని మీదే కట్టాలి. మన రాష్ట్రంలో అమ్మకపు దస్తావేజుకు స్టాంపు డ్యూటీ 5 శాతం, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ ఒకటిన్నర శాతం, రిజిస్ట్రేషన్ ఫీజు 1 శాతం. అంటే లక్ష, ముప్ఫైవేలు, ఇరవైవేలు, మొత్తం లక్షన్నర. ట్రాన్స్‌ఫర్ డ్యూటీ మాత్రం పంచాయతీ, మునిసిపాలిటీల వాటా. వేరే ఒప్పందం లేకపోతే స్టాంపు ఖర్చు కొన్నవాడిదే. ఆయన ఆ అంకెను చాలాసేపు చూశాడు.

అపోహ: "అగ్రిమెంటే కదా, దానికి వంద చాలు."

కాగితం మీద ఏ శీర్షిక పెట్టినా డ్యూటీ లోపల రాసిన దాన్ని బట్టే పడుతుంది. అగ్రిమెంటులో "పై ఆస్తిని ఈ దినమే మీ స్వాధీనము చేసియున్నాను" అన్న ఒక్క ముక్క ఉంటే చాలు, మన రాష్ట్రంలో అది అమ్మకం కిందే లెక్క. పూర్తి స్టాంపు కట్టాలి. తర్వాత రిజిస్ట్రేషన్ అప్పుడు ఆ కట్టింది తగ్గిస్తారు, రెండుసార్లు పడదు. ఆ భయం అక్కర్లేదు.

ఈ తప్పు నేనే చేశాను. కొత్తలో పాత దస్తావేజులు చూసి రాసేవాడిని. స్వాధీనం మాట అన్నిట్లోనూ ఉండేది, చెయ్యి అలవాటుగా రాసుకుపోయింది. నిజానికి ఆ స్థలం అమ్మినాయన చేతిలోనే ఉంది. ఏళ్ళ తర్వాత గొడవొచ్చి కొన్నాయన కోర్టుకెళ్తే, ఆ కాగితాన్ని సాక్ష్యంగా పెట్టనివ్వకూడదని అవతలి ప్లీడరు లేచాడు, నేను రాసిన వాక్యాన్నే చదివి వినిపిస్తూ. అప్పటినుంచి ఆ మాట రాసే ముందు "స్థలం ఇప్పుడెవరి చేతిలో ఉంది?" అని అడగకుండా కలం కదపను.

దానికి పడే దెబ్బ ఎంతో పెద్దాయన కాగితం మీదే చూద్దాం. అందులోనూ స్వాధీనం మాట ఉంది. డ్యూటీ లక్ష, కట్టింది వంద, తక్కువ పడింది 99,900. అది కోర్టులో సాక్ష్యంగా కావాలంటే ఆ లోటుతో పాటు దానికి పదింతల పెనాల్టీ: 9,99,000. రెండూ కలిపి 10,98,900. కోర్టులో కట్టకుండా కాగితాన్ని జిల్లా రిజిస్ట్రారుకు పంపమని అడిగితే, పెనాల్టీ తగ్గించే అధికారం ఆయనకుంది. ప్లీడర్లందరూ ఈ దారి చెప్పరు, అందుకే చెప్తున్నాను.

ఇంకో సంగతి, చాలామందికి తలకిందులుగా తెలిసింది. రిజిస్టరు కాని కాగితాన్ని హక్కుకు కాకపోయినా పక్క విషయాలకు, ఉదాహరణకు ఎవరు ఎప్పటినుంచి అనుభవంలో ఉన్నారో చూపడానికి, కోర్టు చూడొచ్చు. స్టాంపు చాలని కాగితాన్ని దేనికీ చూడదు. కానీ స్టాంపు లోపం డబ్బుతో తీరుతుంది, రిజిస్ట్రేషన్ గడువు దాటితే తీరదు. దస్తావేజు రాసిన నాలుగు నెలల్లోపు దాఖలు చేయాలి. సరైన కారణం ఉంటే జరిమానాతో ఇంకో నాలుగు నెలలు. తర్వాత మళ్ళీ కొత్తగా రాసుకోవడమే. అసలు దాచేసి జిరాక్సు చూపిద్దామన్న తెలివి కూడా పనికిరాదు. స్టాంపు లేని కాగితానికి నకలు సాక్ష్యం కాదని 1971లోనే సుప్రీంకోర్టు చెప్పింది, అదీ మన ఆంధ్ర కేసులోనే.

అపోహ: ఆరు నెలలు దాటితే స్టాంపు పత్రం చెల్లదు.

చెల్లుతుంది. వాడని పత్రాన్ని తిరిగిచ్చి డబ్బు వాపసు తీసుకోవడానికి మాత్రమే ఆరు నెలల గడువు, అదీ రూపాయికి పదిపైసలు కోసుకుని ఇస్తారు. పాత పత్రం మీద రాసుకున్నా తప్పులేదని 2008లో సుప్రీంకోర్టు చెప్పింది. కాకపోతే పాత తేదీ పత్రం ఎక్కడినుంచో సంపాదించి వెనకటి తేదీ వేసి రాయించుకోవడం వేరు. అలాంటివాళ్ళు మా బల్ల దగ్గరికీ వస్తారు. టీ తాగించి పంపేస్తాను.

అపోహ: విలువ తక్కువ రాస్తే డబ్బు మిగులుతుంది.

ప్రభుత్వ విలువ కంటే తక్కువ రాసినా డ్యూటీ ప్రభుత్వ విలువ మీదే పడుతుంది. ఆ ఆశ అక్కడే పోయింది. ఇక ప్రభుత్వ విలువ వరకు రాసి, మిగతాది చేతికిచ్చుకునేవాళ్ళ సంగతి. భోగాపురం విమానాశ్రయం పేరు చెప్పి ఆ చుట్టుపక్కల ధరలు ఎక్కడికో పోయాయి, కాబట్టి అక్కడ ఈ బాపతు ఎక్కువ. రేపు అమ్మినాయన మాట తప్పితే చేతికిచ్చిన దానికి రుజువు ఉండదు. స్థిరాస్తి బేరంలో ఇరవైవేలు, ఆపైన నగదు తీసుకోవడం ఆదాయపన్ను చట్టం ప్రకారమే తప్పు. రాసిన ధర ప్రభుత్వ విలువ కంటే పది శాతానికి మించి తగ్గితే ఆ తేడా మీద అమ్మినవాడికీ కొన్నవాడికీ ఇద్దరికీ పన్ను లెక్క తగలొచ్చు. ఇల్లున్న స్థలాన్ని ఖాళీ స్థలమని రాయమనేవాళ్ళూ ఉన్నారు. రేపు బ్యాంకులో అప్పుకెళ్తే, లేని ఇంటికి అప్పెలా ఇస్తారని అడుగుతారు మరి.

అటువైపు సంగతీ చెప్పాలి. కొన్నిచోట్ల ప్రభుత్వ విలువే అసలు ధర కంటే ఎక్కువ ఉంటుంది. రోడ్డు పక్క సర్వే నంబరుకు వేసిన రేటే వెనకాల వర్షాకాలం నీళ్ళు నిలిచే చెక్కకీ వేసేస్తారు. కట్టక తప్పదనుకుంటారు జనం. ఆ విలువ ఒప్పుకోకపోతే స్టాంపు చట్టం 47-ఎ కింద విచారణకు పంపమని అడగొచ్చు. ముందుగా తేడా డ్యూటీలో సగం కట్టాలి. నేనైతే తేడా చిన్నదైతే వదిలేయమంటాను, పెద్దదైతే అడగమంటాను.

అపోహ: ఆడవాళ్ళ పేర కొంటే స్టాంపు తక్కువ.

ఇచ్ఛాపురం వాళ్ళు ఈ మాట ఎక్కువ అంటారు, వాళ్ళది తప్పనను. పక్కనే బరంపురం. ఒడిశాలో ఆడవాళ్ళకు 4 శాతం, మగవాళ్ళకు 5 శాతం. చుట్టరికాలన్నీ అటే కాబట్టి ఆ కబురు ఇటు వచ్చేసింది. కానీ ఆస్తి ఏ రాష్ట్రంలో ఉంటే ఆ రాష్ట్రపు రేటే. మన దగ్గర అమ్మకపు దస్తావేజుకు ఆ తేడా లేదు. భార్య పేర కొనండి, మంచిదే, స్టాంపు కోసమని మాత్రం కాదు.

అపోహ: అన్నదమ్ములు పంచుకుంటే కాగితమే అక్కర్లేదు. లేదా, ఏ కాగితమైనా చెల్లుతుంది.

ఇక్కడ తెలుగు క్రియాపదమే డ్యూటీ తేలుస్తుంది. "మేము ఫలానా ఏడాది నోటిమాటగా పంచుకొని ఎవరి వాటా వారు అనుభవించుచున్నాము, అది గుర్తు కొరకు రాసుకొన్నాము" అంటే జరిగిపోయిన దానికి జ్ఞాపకం, దానికి రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. "ఈ కాగితము మూలముగా పంచుకొనుచున్నాము" అంటే ఆ కాగితమే పంపకం, స్టాంపూ కావాలి, రిజిస్ట్రేషనూ కావాలి. 2021లో సుప్రీంకోర్టు ఒక తెలుగు కుటుంబపు ఖరారునామా కేసులో ఈ తేడానే మళ్ళీ వివరంగా చెప్పింది. నిజంగా ఇవాళే పంచుకుంటూ, స్టాంపు తప్పించుకోడానికి భూతకాలంలో రాయిస్తే మాత్రం, రేపు మీ తమ్ముడే బోనెక్కి "ఎప్పుడు పంచుకున్నాం? ఆవేళే కదా" అంటాడు.

ధైర్యంగా పంపక దస్తావేజే రాసుకోండి. అమ్మకమంత ఖర్చు కాదు. పైగా అన్నిటికంటే పెద్ద వాటాను పక్కనపెట్టి, మిగతా వాటాల విలువ మీదే డ్యూటీ వేస్తారు. దానపత్రాలకూ సొంత కుటుంబంలో రేటు తక్కువే, కాకపోతే కుటుంబం అంటే ఎవరెవరో చట్టంలోనే జాబితా ఉంది. మనం నోరారా పిలుచుకునే వరసలన్నీ అందులోకి రావు.

అపోహ: పసుపు కుంకుమ కింద ఇచ్చిన భూమికి కాగితం ఎందుకు?

పెళ్ళిపందిట్లో నలుగురి ముందు "అమ్మాయికి అర ఎకరం" అన్నారు. పాతికేళ్ళు దాని కౌలు డబ్బులు కూతురే తీసుకుంది. తండ్రి పోయాడు, అన్నదమ్ముల పిల్లలు పెద్దవాళ్ళయ్యారు, రోడ్డు పడింది, సెంటు లక్షలయింది. అప్పుడు ఆ అమ్మ మా బల్ల దగ్గరికి వచ్చి కూర్చుంటుంది, చేతిలో శుభలేఖ పట్టుకుని. స్థిరాస్తి దానం చెల్లాలంటే ఇద్దరు సాక్షులతో రిజిస్టరు దస్తావేజు కావాలి. శుభలేఖలో అచ్చేసినా, తెల్లకాగితం మీద రాసినా, వంద పత్రం మీద రాసినా అది దానం కాదు. ఆడపిల్ల తండ్రులకు నేను గట్టిగా చెప్పే మాట ఇదొక్కటే: మేళంవాళ్ళకు ఇచ్చేదాంతో ఆ దస్తావేజు అయిపోయేది.

దానం ఇచ్చేశాక మనసు మారితే ఒక్కరే వెళ్ళి రద్దు చేసుకోవచ్చన్నదీ అపోహే. మన రిజిస్ట్రేషన్ నియమాల ప్రకారం రద్దుకు ఇచ్చినవాళ్ళూ పుచ్చుకున్నవాళ్ళూ ఇద్దరూ రావాలి, లేదా కోర్టు ఉత్తర్వు కావాలి. ముసలితనంలో చూసుకుంటామన్న షరతు మీద రాయించుకుని చూడకపోతే, 2007 నాటి వృద్ధుల చట్టం కింద ట్రిబ్యునల్‌కు వెళ్ళే దారి ఉంది. ఆ షరతు దస్తావేజులో రాయించుకుంటేనే గట్టి.

అపోహ: డ్యూటీ అంతా కట్టి రిజిస్టరు చేశారంటే హక్కు సరిగ్గా ఉన్నట్టే.

అమ్మినవాడికి అసలు హక్కుందో లేదో సబ్‌రిజిస్ట్రారు తేల్చరు. 22-ఎ నిషేధిత జాబితా (రిజిస్టరు చేయకూడని భూముల పట్టీ) చూస్తారు, అంతకుమించి ఈసీలు (ఆ ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల చిట్టా), లింకు దస్తావేజులు (వెనకటి యజమానుల కాగితాలు) చూసుకోవాల్సింది మీరే. ఏజెన్సీలో అయితే మరీను. సీతంపేట కొండల దిగువన, ఇప్పుడది మన్యం జిల్లా అనుకోండి, షెడ్యూల్డు గ్రామంలో గిరిజనేతరుడు ఎంత స్టాంపు కట్టి కొన్నా 1 ఆఫ్ 70, అంటే ఏజెన్సీ భూముల బదిలీకి 1970లో పెట్టిన చట్టం, కింద ఆ బదిలీ చెల్లదు.

అపోహ: వీలునామాకు స్టాంపు ఉండాలి, లేకపోతే చెల్లదు.

ఇది మాత్రం సంతోషంగా చెప్తాను. వీలునామాకు స్టాంపు అక్కర్లేదు, రిజిస్ట్రేషనూ తప్పనిసరి కాదు, తెల్లకాగితం చాలు. కావాల్సింది రాసినవాడి సంతకం, ఇద్దరు సాక్షుల సంతకాలు.

పోయిన నెల గార నుంచి ఒకావిడ వాళ్ళ నాన్న వీలునామా తెచ్చింది. పిల్లల నోటుపుస్తకంలోంచి చింపిన గీతల కాగితం, మూలన నూనె మరక. "స్టాంపు లేదని మా వొదిన నవ్వింది బాబూ" అంది, పైటచెంగుతో కాగితం తుడుస్తూ. సాక్షుల పేర్లు చదివాను. ఒకాయన పోయాడట. రెండో ఆయనకు ఎనభై దాటాయి, కొడుకు దగ్గర విజయనగరంలో ఉన్నాడట. కోర్టులో వీలునామా నిలబడాలంటే కనీసం ఒక సాక్షి వచ్చి చెప్పాలి. వదినగారి సంగతి తర్వాత చూద్దాం, ముందు వెళ్ళి ఆయన్ని పలకరించి రమ్మన్నాను. ఆవిడ మధ్యాహ్నం బస్సుకే బయల్దేరింది.