మాట రాకముందే కనిపించే ఆటిజం లక్షణాలు: అపోహలు, వాస్తవాలు

మాట ఆలస్యమైన పిల్లలతో పనిచేసే స్పీచ్ థెరపిస్ట్‌ని నేను. నా దగ్గరికి వచ్చే తల్లిదండ్రుల్లో చాలామంది మొదట చెప్పేది ఒకటే: "మూడేళ్లు నిండుతున్నాయండీ, ఇంకా మాటలు రాలేదు." కాస్త నింపాదిగా అడిగితే అసలు సంగతి బయటికొస్తుంది. పిలిస్తే పలకట్లేదని ఏడాది నిండేసరికే తల్లి గమనించింది. ఏడాదిన్నరకి వేలితో ఏదీ చూపించట్లేదని అనుమానపడింది, ఇంట్లో చెప్పింది కూడా. "నీకు అన్నిటికీ టెన్షనే, ఒక్కో పిల్లవాడు ఒక్కోలా ఎదుగుతాడు" అన్నారు. ఆమె ఊరుకుంది. అలా పోయిన ఏడాదిన్నర, పిల్లల మెదడు చాలా వేగంగా నేర్చుకునే కాలం. పాపం, అందరూ మంచి మనసుతోనే చెబుతారు. కానీ ఆ మాటల వల్లే ఆలస్యం జరుగుతోంది కాబట్టి ఒక్కొక్కటీ తీసుకుని చెబుతాను.

అపోహ: "మగపిల్లలకి మాట లేటే. వాళ్ల నాన్న కూడా నాలుగేళ్లకే మాట్లాడాడు."

మగపిల్లలు సగటున కాస్త ఆలస్యంగా మాట్లాడతారన్నది నిజమే. అయితే ఆ తేడా కొద్ది నెలలే, ఏళ్లకేళ్లు ఉండదు. ఆడైనా మగైనా 12 నెలలకి "బబబ, దదద" లాంటి శబ్దాలు, టాటా చెప్పడం, చేతులు చాచడం వంటి సైగలు ఉండాలి. 16 నెలలకి ఒకటి రెండు మాటలైనా రావాలి. రెండేళ్లకి "అమ్మ రా", "బంతి ఇయ్యి" అని రెండేసి పదాలు సొంతంగా కలపాలి. ఇవి లేకపోతే ఆటిజం (మెదడు ఎదుగుదలలోని తేడా వల్ల ఇతరులతో కలవడం, మాట్లాడటం, ప్రవర్తన వేరుగా ఉండే స్థితి) ఉన్నట్టేనని అర్థం కాదు. పరీక్ష చేయించాల్సిన సమయం వచ్చిందని అర్థం.

ఆలస్యంగా మాట్లాడినా తర్వాత అందుకునే పిల్లలు ఉన్నారు. వాళ్లకీ, ఆటిజం ఉన్న పిల్లలకీ తేడా ఎక్కడ తెలుస్తుంది? నేను ముందుగా చేసే పని సబ్బు బుడగలు ఊదడం. నాలుగైదు సార్లు ఊది, సీసా మూత గట్టిగా బిగించి పక్కన పెట్టి, ఏమీ మాట్లాడకుండా ఆగుతాను. మాట మాత్రమే ఆలస్యమైన పాప సీసా వైపు చూస్తుంది, నా ముఖంలోకి చూస్తుంది, మళ్లీ సీసా చూస్తుంది. "ఊఁ ఊఁ" అంటుంది, వేలు పెట్టి చూపిస్తుంది. పైకి ఎగిరిన బుడగ పగిలితే వెనక్కి తిరిగి "చూశావా" అన్నట్టు అమ్మ వైపు నవ్వుతుంది. నోట్లో ఒక్క మాట లేదు, కానీ సంభాషణ అంతా జరిగిపోయింది. ఆటిజం ఉన్న బాబుకి కూడా బుడగలంటే అంతే ఇష్టం ఉండొచ్చు. ఎగిరెగిరి గంతులేస్తాడు. నేను ఆగగానే నా చెయ్యి పట్టుకుని మూత మీద పెడతాడు. నా ముఖం వైపు మాత్రం చూడడు. చాలాసార్లు ఆ సంతోషాన్ని అమ్మతో పంచుకోవడం కనపడదు.

ఈ ఒక్క ఆటతో నిర్ధారణ చెయ్యం, చెయ్యకూడదు. అయితే ఇంట్లో కూడా ఎన్ని మాటలు వచ్చాయని లెక్కపెట్టే ముందు, మీ పిల్లలు తమ సంతోషాన్ని, ఆశ్చర్యాన్ని మీతో పంచుకుంటున్నారా అన్నది గమనించండి.

అపోహ: "కావాల్సింది చూపిస్తాడు కదా, చెయ్యి పట్టుకుని ఫ్రిజ్ దగ్గరికి లాక్కెళ్తాడు."

చెయ్యి పట్టుకుని లాక్కెళ్లడం వేరు, వేలితో చూపించడం వేరు. చూపించడంలోనూ రెండు రకాలున్నాయి. "అది నాకు కావాలి" అని చూపించడం ఒకటి. "అదిగో విమానం, నువ్వూ చూడు" అని చూపించడం రెండోది. రెండో దానిలో పిల్లలకి దక్కే వస్తువేదీ లేదు. మీరూ చూడాలన్న కోరిక తప్ప మరేం లేదు. మామూలుగా ఇది 12 నుంచి 15 నెలల మధ్య మొదలవుతుంది. ఏడాదిన్నరకి కూడా రాకపోతే దాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. తొలి లక్షణాల్లో నేను ఎక్కువ బరువు ఇచ్చేది దీనికే. మీరు దూరంగా ఉన్న దాన్ని చూపించి "అదిగో చూడు" అన్నప్పుడు అటు చూడకుండా మీ వేలి చివర చూస్తుండటం, అసలు పట్టించుకోకపోవడం కూడా దీనికి సంబంధించిందే.

అపోహ: "కళ్లలోకి చూస్తాడు, ముద్దు పెడతాడు. ఆటిజం ఎలా అవుతుంది?"

ఆటిజం ఉన్న పిల్లలకి ప్రేమ ఉండదన్నది చాలా అన్యాయమైన మాట. అమ్మ ఒళ్లో పడుకుంటారు, నాన్న రాగానే మీదెక్కుతారు, కౌగిలించుకుంటారు. కళ్లలోకి చూడటం కూడా ఉందా లేదా అని ఒక్క మాటలో తేలే విషయం కాదు. 2013లో వచ్చిన ఒక అధ్యయనంలో పసివాళ్లకి స్త్రీల ముఖాల వీడియోలు చూపించి వాళ్ల చూపు ఎటు పోతుందో యంత్రంతో కొలిచారు. తర్వాత ఆటిజం అని తేలిన పిల్లలు కూడా రెండు నెలల వయసులో కళ్లవైపు మామూలుగానే చూశారు. రెండు నుంచి ఆరు నెలల మధ్య ఆ చూపు మెల్లమెల్లగా తగ్గుతూ వచ్చింది. ఇంట్లో మామూలు కంటికి ఈ మార్పు తెలియదు. కొంచెం పెద్దయ్యాక గమనించాల్సింది, మాట, చూపు, నవ్వు, సైగ అన్నీ ఒకేసారి కలిసి వస్తున్నాయా లేక దేనికది విడివిడిగా ఉందా అని.

అపోహ: "టీవీలో పాట వినపడితే పక్క గదిలోంచి పరిగెత్తుకొస్తాడు. చెవులు బాగానే ఉన్నాయి, పిలిస్తే పలకనిది మొండితనం."

తొమ్మిది నెలల నుంచి ఏడాదిలోపు చాలామంది పిల్లలు పేరు పిలిస్తే తిరిగి చూస్తారు. ఏడాది దాటాక ఎన్నిసార్లు పిలిచినా చూడకపోవడానికి మొండితనం కారణం కాదు. ఆ వయసులో అంత పట్టుదల పెట్టుకుని ఎవరూ కూర్చోరు. ఇక వినికిడి మాట: పాటకి పరిగెత్తుకొచ్చినంత మాత్రాన వినికిడి పూర్తిగా ఉందని చెప్పలేం. కొన్ని స్థాయిల శబ్దాలు మాత్రమే వినపడే పిల్లలు ఉంటారు, ఆటిజంతో పాటు వినికిడి లోపం ఉన్నవాళ్లూ ఉంటారు. అందుకే మాట రాని ప్రతి బిడ్డకీ ఓఏఈ, బెరా లాంటి వినికిడి పరీక్ష తప్పనిసరి. పాప నిద్రపోతుండగానే చేసేస్తారు, నొప్పి ఉండదు.

అపోహ: "ఏబీసీడీలు, రంగులు, రైమ్స్ అన్నీ వచ్చు. చాలా తెలివైనవాడు."

తెలివైనవాడు కావచ్చు, నేను కాదనను. కానీ ముప్పై రైమ్స్ అప్పజెప్పే బాబు "నీళ్లు కావాలా?" అని అడిగితే "నీళ్లు కావాలా?" అనే తిరిగి అంటుంటే, దాహం వేస్తే ఏడవడం తప్ప అడగడం రాకపోతే, ఆ మాటలు ఇంకా పనిలోకి రాలేదన్న మాట. విన్నదాన్ని అలాగే తిరిగి చెప్పడం అందరు పిల్లలూ కొంతకాలం చేస్తారు. రెండున్నర, మూడేళ్లు దాటినా మాటలో ఎక్కువ భాగం అదే అయితే చూపించాలి. అంతమాత్రాన ఆ ప్రతిధ్వనిని ఆపాలని చూడకండి. చాలామంది పిల్లలు దాని ద్వారానే ఏదో చెప్పాలని చూస్తుంటారు, అక్కడి నుంచే సొంత మాటలోకి వస్తారు.

అపోహ: "టీకా వేయించాకే ఇలా అయ్యాడు."

ఈ మాట చెప్పే తల్లి అబద్ధం చెప్పట్లేదు. ఆటిజం ఉన్న పిల్లల్లో కొంతమంది 15 నుంచి 24 నెలల మధ్య వచ్చిన మాటలు పోగొట్టుకుంటారు. అమ్మ, నాన్న, టాటా అన్నీ చేసినవాడు మెల్లగా మానేస్తాడు. తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా రాకుండా వేసే ఎమ్ఎమ్ఆర్ టీకా కూడా ఇంచుమించు ఆ వయసులోనే వేస్తారు. రెండూ ఒకే కాలంలో కనిపించేసరికి ఒకదాని వల్లే ఇంకొకటి అనిపించడం సహజం.

ఈ భయాన్ని ప్రపంచమంతా పాకించింది 1998లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన ఒక వ్యాసం. అందులో ఉన్నది 12 మంది పిల్లలే. తర్వాత అందులోని వివరాలు తప్పుడువని తేలి, 2010లో పత్రిక ఆ వ్యాసాన్ని ఉపసంహరించుకుంది. దాన్ని రాసిన డాక్టర్ ఆండ్రూ వేక్‌ఫీల్డ్ పేరును బ్రిటన్ వైద్య మండలి అదే ఏడాది రిజిస్టర్ నుంచి తీసేసింది. 2019లో డెన్మార్క్ పరిశోధకులు 6.5 లక్షలకు పైగా పిల్లల రికార్డులు పరిశీలించారు. టీకా వేసుకున్నవాళ్లలో ఆటిజం ఎక్కువగా లేదు. అన్నకో అక్కకో ఆటిజం ఉన్న పిల్లల్లోనూ టీకా వల్ల ముప్పు పెరగలేదు. తట్టు మాత్రం పసివాళ్ల ప్రాణం తీయగల జబ్బు.

వచ్చిన మాట పోవడం, చేసే సైగ మానేయడం ఏ వయసులో జరిగినా సరే, ఒక్క వారం కూడా ఆగకుండా డాక్టర్‌కి చూపించండి. ఇందులో మినహాయింపు లేదు.

అపోహ: "తల్లి పట్టించుకోకే ఇలా తయారయ్యాడు."

దీని గురించి రాస్తుంటే ఇప్పటికీ బాధగానే ఉంటుంది. పిల్లల మానసిక వైద్యుడు లియో కానర్ 1943లో 11 మంది పిల్లల వివరాలతో ఆటిజాన్ని తొలిసారి స్పష్టంగా వర్ణించాడు. ఆ తర్వాత కొన్ని దశాబ్దాల పాటు తల్లుల ప్రేమలేమే దీనికి కారణమని పెద్ద పెద్ద నిపుణులే చెప్పారు. పిల్లల మానసిక చికిత్సకుడిగా పేరున్న బ్రూనో బెటెల్‌హైమ్ ఆ వాదాన్ని బాగా ప్రచారం చేశాడు. బెర్నార్డ్ రిమ్లాండ్ అనే సైకాలజిస్ట్, స్వయంగా ఆటిజం ఉన్న బాబుకి తండ్రి, 1964లో దాన్ని గట్టిగా ఖండించి, ఇది మెదడు ఎదుగుదలకి సంబంధించిందని చూపించాడు. కవలల మీద, కుటుంబాల మీద జరిగిన అధ్యయనాలు జన్యువుల పాత్రే చాలా ఎక్కువని చెబుతున్నాయి. శాస్త్రం ఆ వాదాన్ని వదిలేసి ఎన్నో ఏళ్లయింది. ఇళ్లల్లో మాత్రం ఇంకా తల్లినే నిలదీస్తున్నారు. దయచేసి ఆపండి.

ఫోన్ సంగతి కూడా ఇక్కడే చెబుతాను. ఫోన్ చూడటం వల్ల ఆటిజం వస్తుందని రుజువు కాలేదు. "వర్చువల్ ఆటిజం" అనేది వైద్యపరంగా గుర్తించిన నిర్ధారణ కాదు. ఫోన్ మానిపించి ఆరు నెలలు చూద్దామని పరీక్షను వాయిదా వేయడం వల్ల నష్టపోయేది బిడ్డే. ఫోన్ తగ్గించడం మాత్రం ఎలాగూ మంచిదే, ఎందుకంటే స్క్రీన్ ముందు గడిచే ప్రతి గంటా మనుషులతో ఆడుకునే సమయంలోంచి పోతుంది. రెండేళ్లలోపు అసలు వద్దని, ఆ తర్వాత రోజుకి గంట మించొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. ఇంట్లో రెండు భాషలు మాట్లాడటం వల్ల కూడా ఆటిజం రాదు, పెరగదు. మీకు మనసులోంచి వచ్చే భాషలోనే బిడ్డతో మాట్లాడండి.

కొన్నిటికి ఒక్కో మాట చాలు. నాలుక కింద నరం కోయించినంత మాత్రాన ఆటిజం ఉన్న పిల్లలకి మాట వచ్చేయదు. ఎమ్మారై, రక్తపరీక్షల్లో ఆటిజం కనపడదు. అవి వేరే జబ్బు అనుమానం ఉన్నప్పుడు మాత్రమే అవసరమవుతాయి. చేతులు ఆడించడం, మునివేళ్ల మీద నడవడం, గుండ్రంగా తిరగడం ఒక్కటే చూసి ఆటిజం అనేయకూడదు, మామూలు పిల్లలూ కొంతకాలం చేస్తారు. బొమ్మ కారుని నడిపించకుండా గంటల తరబడి చక్రం మాత్రమే తిప్పడం, చిన్న మార్పుకే తల్లడిల్లిపోవడం, మిక్సీ శబ్దానికి చెవులు మూసుకుని ఏడవడం లాంటివి పైన చెప్పిన లక్షణాలతో కలిసి ఉంటే అప్పుడు లెక్కలోకి తీసుకోవాలి. ఆడపిల్లల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. మగపిల్లల్లో మూడు రెట్లకు పైగా ఎక్కువగా గుర్తిస్తున్నారు కాబట్టి "పాపకి ఆటిజమేంటి, సిగ్గు ఎక్కువ అంతే" అని వదిలేస్తారు. పక్క పిల్లల్ని చూసి అనుకరించి నెట్టుకొచ్చే పాపలకి నిర్ధారణ చాలా ఆలస్యమవుతుంది.

అపోహ: "పరీక్ష చేయిస్తే ముద్ర పడిపోతుంది."

స్క్రీనింగ్ వేరు, నిర్ధారణ వేరు. ఎమ్-చాట్-ఆర్ అని 16 నుంచి 30 నెలల పిల్లల కోసం 20 ప్రశ్నల పట్టిక ఉంది. అవును, కాదు అని తల్లిదండ్రులే నింపుతారు. స్కోరు ఎక్కువ వచ్చిన పిల్లలందరికీ ఆటిజం ఉండదు, కానీ వాళ్లలో చాలామందికి ఏదో ఒక సాయం అవసరమవుతుంది. 18 నెలలకి మామూలుగా వచ్చినా 24 నెలలకి మళ్లీ చేయాలని అమెరికా పిల్లల వైద్యుల సంఘం సిఫారసు చేస్తోంది. నిర్ధారణ మాత్రం డెవలప్‌మెంటల్ పీడియాట్రిషియన్ (పిల్లల ఎదుగుదల సమస్యలు చూసే డాక్టర్) లాంటి అనుభవజ్ఞులు బిడ్డను దగ్గరగా చూసి, మీతో వివరంగా మాట్లాడి చేయాలి. రెండేళ్ల వయసులో అనుభవజ్ఞులు చేసిన నిర్ధారణ చాలావరకు తర్వాత కూడా నిలుస్తుంది. ఐదేళ్లదాకా ఆగాల్సిన పని లేదు.

థెరపీ మొదలుపెట్టడానికి ఆ కాగితం చేతికొచ్చేదాకా ఎదురు చూడొద్దు. మాటకీ ఆటకీ చేసే సాయం, చివరికి ఆటిజం కాదని తేలినా, బిడ్డకి మేలే చేస్తుంది. ఇంట్లో చేయగలిగింది చాలా ఉంది. నేల మీద బిడ్డ కళ్లకి ఎదురుగా కూర్చోండి. వాడు దేన్ని చూస్తున్నాడో దాని పేరే చెప్పండి. "ఇది చెప్పు, అది చెప్పు" అని వెంటపడకండి. ఒక మాట చెప్పి కాసేపు ఆగండి, జవాబుకి చోటు ఇవ్వండి. బ్రిటన్‌లో ప్యాక్ట్ అనే పద్ధతిలో తల్లిదండ్రులు బిడ్డతో ఆడుకునే వీడియోలు థెరపిస్ట్‌తో కలిసి చూసుకుంటూ ఇలాంటివే నేర్చుకున్నారు. దాదాపు ఆరేళ్ల తర్వాత చూసినా ఆ మేలు కొంత నిలిచే ఉందని 2016లో ఫలితాలు వచ్చాయి.

పూర్తిగా నయం చేస్తామని స్టెమ్ సెల్స్, కీలేషన్ (ఒంట్లోని లోహాలను మందులతో బయటికి పంపడం), హైపర్‌బేరిక్ ఆక్సిజన్ (ఎక్కువ పీడనంలో ఆక్సిజన్ పీల్పించడం) అమ్మేవాళ్ల దగ్గరికి వెళ్లకండి. ఆటిజానికి అవి పనిచేస్తాయని రుజువు లేదు. 2005లో అమెరికాలో ఒక ఐదేళ్ల బాబు కీలేషన్ చేస్తుండగా చనిపోయాడు.

మొదటిసారి డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు ఫోన్‌లో నాలుగైదు చిన్న వీడియోలు తీసుకెళ్లండి: ఒంటరిగా ఆడుకుంటున్నప్పుడు, వెనకనుంచి పేరు పిలిచినప్పుడు, కావాల్సింది అడుగుతున్నప్పుడు, మీకు ఆందోళన కలిగించే పని ఏదైనా చేస్తున్నప్పుడు. కొత్త గదిలో భయపడి ఏడ్చే బిడ్డ గురించి ఆ వీడియోలే ఎక్కువ చెబుతాయి. మొదటి పుట్టినరోజు వీడియో ఉంటే అదీ పట్టుకెళ్లండి, అప్పటికీ ఇప్పటికీ మార్పు తెలుస్తుంది. ఇంట్లో పెద్ద బిడ్డకి ఆటిజం ఉంటే తర్వాత పుట్టినవాళ్లలో సుమారు ఐదుగురిలో ఒకరికి వచ్చే అవకాశం ఉంది. కాబట్టి చిన్నవాళ్ల విషయంలో తొమ్మిది నెలల నుంచే గమనిస్తూ ఉండండి, 18, 24 నెలల స్క్రీనింగ్‌లు రెండూ చేయించండి.