పాయింట్ టూటూ తూటాను చెక్కాలనే ఆలోచన ఎక్కడిది?

పర్లాకిమిడి నుంచి గుణుపురం దాకా కొండవాలు పొలాల్లో మొక్కజొన్న పాలు పోసుకునే రోజులొస్తే రాత్రుళ్లు ఎవరికీ సరిగా నిద్ర ఉండదు. అడవి పందుల మంద ఒక్క రాత్రిలో చేను తొక్కేసి పోతుంది. మర్నాడు టీ కొట్టు దగ్గర కబుర్లన్నీ వాటి గురించే. కరెంటు తీగ పెడితే మనుషులే పోతారని ఒకరు, డప్పులకు బెదరడం మానేశాయని ఇంకొకరు. అందులో ఎవరో ఒకరు ఈ మాట అనక మానరు: "టూటూ తూటా ముక్కు కాస్త చెక్కితే చాలు, లోపలికెళ్లి పువ్వులా విచ్చుకుంటుంది. గురి కూడా బాగా కుదురుతుంది." టూటూ అంటే .22, అంగుళంలో అయిదో వంతుకు కాస్త పైన వెడల్పుండే చిన్న తూటా.

విచ్చుకోవడం, గురి కుదరడం ఒకే పనితో అయిపోతాయన్నట్టు చెబుతారు గాని, ఈ రెంటి కథలూ వేరు. ఒకటి పారిస్‌లో మొదలైంది, ఇంకొకటి కలకత్తా పక్కన. తూటా మీద చెయ్యి పెట్టాలనే అలవాటు మాత్రం మా కొండల్లోనిదే.

సవర, కోదు ఊళ్లలో తరాలుగా వాడింది నాటు తుపాకీ. గొట్టం ముందు నుంచి మందు పోసి, గుండు వేసి, కడ్డీతో దట్టించేది. మందు ఎంత, గుండా రవ్వలా, అన్నీ వేటగాడి చేతి లెక్కే. పిట్టకొక పాళ్లు, దుప్పికొక పాళ్లు. అందులో ఆరితేరిన ముసలాయనకు ఊళ్లో వైద్యుడికున్నంత గౌరవం ఉండేది. ఆంధ్ర వైపు ఏజెన్సీలో ఇటుకల పండుగకు, కొరాపుట్ వైపు చైత్ర పర్వానికి మగవాళ్లంతా కలిసి వేటకు వెళ్లడం ఆచారం.

1878లో లార్డ్ లిట్టన్ హయాంలో ఆయుధాల చట్టం వచ్చింది. తుపాకీకి లైసెన్సు కావాలనే నియమం మనవాళ్లకు తగులుకున్నది దాంతోనే. అప్పటికి ఈ గంజాం ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉంది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రమైనప్పుడు పర్లాకిమిడి అటు వెళ్లింది గాని, తుపాకీ చట్టం మాత్రం రెండు వైపులా అదే. ఆ తర్వాత 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంతో వేటకు అడ్డుకట్ట పడింది. వేట పోయింది, పందులు మిగిలాయి, చేతి లెక్క జ్ఞాపకాల్లో మిగిలింది. ఆ జ్ఞాపకమే ఇప్పుడు టూటూ తూటా మీద పడుతోందని నా అనుమానం. చిక్కేమిటంటే, చేతి లెక్కకు అసలు చోటివ్వకుండా పుట్టిన తూటా అది.

1845 ప్రాంతంలో పారిస్‌లో ఫ్లోబెర్ అనే తుపాకుల పనివాడు చిన్న రాగి టోపీకి గుండు బిగించి, హాల్లో కూర్చుని కాల్చుకునే ఆట తుపాకీ ఒకటి తయారు చేశాడు. ఆ ఊహనే పెంచి 1857లో అమెరికాలో స్మిత్ అండ్ వెస్సన్ వాళ్లు తమ మొదటి రివాల్వర్‌తో పాటు పాయింట్ టూటూ షార్ట్ తూటా తెచ్చారు. ఇప్పుడు ప్రపంచమంతా కాల్చే లాంగ్ రైఫిల్ తూటా 1887లో స్టీవెన్స్ కంపెనీది. గుండు బరువు 40 గ్రెయిన్లు, అంటే రెండున్నర గ్రాముల పైచిలుకు.

దీన్ని రిమ్‌ఫైర్ అనడానికి కారణం దాని అడుగంచు. పెద్ద తూటాలకు అడుగున మధ్యలో వేరే టోపీ ఉంటుంది. అది పేలాక తీసేసి, కొత్తది పెట్టి, మళ్లీ మందు నింపుకోవచ్చు. టూటూకి అలా కాదు. పేలుడు పదార్థాన్ని తయారీలోనే రేకు మడత లోపలికి పంపి ఎండబెడతారు. తుపాకీలోని పిన్ను ఆ అంచును నలిపితే నిప్పు పుడుతుంది. ఒకసారి పేలాక అంచు నలిగిపోతుంది కాబట్టి ఆ కేసు, అంటే మందు నింపిన రేకు గుల్ల, ఇక పనికిరాదు. పేలనిదేమో దెబ్బ తగిలితే పేలడానికే చేసిన వస్తువు. దాన్ని పట్టుకారులో బిగించి ఆకురాయి పెట్టడమంటే ఏమిటో విడమరచి చెప్పక్కర్లేదు.

నేను ఈ తూటా కాల్చింది కాలేజీలో, ఎన్‌సీసీ రోజుల్లో. మా తరంలో చాలామందికి తుపాకీ పరిచయం అక్కడే. కేసు అడుగున 'కె.ఎఫ్.' అని ఉండేది, అంటే పుణె దగ్గర కిర్కీ ఫ్యాక్టరీ. బోర్లా పడుకుని అయిదు రౌండ్లు కాల్చాక గ్రూపింగ్ కొలిచేవారు. మధ్యలో తగలకపోయినా ఫర్వాలేదు, అయిదూ ఒకచోట పడాలి. నావి పళ్లెమంత వెడల్పున పడేవి. కాల్చడం కన్నా ఖాళీ కేసులు ఏరడం పెద్ద టెన్షన్. ఒక్కటి తగ్గినా అందరం ఎండలో గడ్డి దువ్వాల్సిందే.

గురి కథంతా నిజానికి ఆ గ్రూపింగ్‌లోనే ఉంది. తూటా గొట్టంలో నిలిచేది దాని అంచు ఆధారంగా. అంచు మందం తూటాకీ తూటాకీ వెంట్రుకవాసి మారినా పిన్ను దెబ్బ మారుతుంది, మందు అంటుకునే తీరు మారుతుంది. అందుకే పాత షూటర్లు తూటాలను తూకం వేసి, అంచు కొలిచి, విడివిడి డబ్బాల్లో పెట్టుకునేవారు. అది ఏరుకోవడమే గాని మార్చడం కాదు. ఆ పని ఇప్పుడు ఫ్యాక్టరీలకే పోయింది. ఇంగ్లండులో ఎలీ, ఫిన్లండుకు చెందిన లాపువా వంటి కంపెనీల పరీక్ష కేంద్రాలకు షూటర్లు తమ రైఫిల్ తీసుకెళ్లి బిగించి, ఏ లాటు (ఒకే విడతలో చేసిన) తూటాలు దానికి పడతాయో చూసుకుని అదే లాటు కొంటారు.

వేగం సంగతీ ఇలాంటిదే. ఊళ్లో వాళ్లు వేగం ఎక్కువైతే మేలనుకుంటారు. పోటీ తూటా సెకనుకు దాదాపు 325 మీటర్ల దగ్గర, ధ్వని వేగానికి లోపలే ఉంటుంది. ధ్వని వేగాన్ని దాటి మళ్లీ కిందికి దిగే గుండు దారిలో తొణుకుతుంది. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో కొల్హాపూర్ కుర్రాడు స్వప్నిల్ కుసాలే 50 మీటర్ల మూడు భంగిమల పోటీలో కాంస్యం గెలిచింది ఈ తూటాతోనే. ఆ పోటీలో పది పాయింట్ల వలయం వెడల్పు 10.4 మిల్లీమీటర్లు, మన చిటికెన వేలి గోరంత. అంత చిన్న చోట పడాలంటే గుండు ముక్కు ఒక పక్కకు రవ్వంత ఎక్కువ అరిగినా కుదరదు. బరువు నడిమధ్యలో లేని బొంగరం ఎలా తిరుగుతుందో అదీ అలాగే పోతుంది.

ఇక విచ్చుకునే గుండు. 1895లో చిత్రాల్ (ఇప్పుడు పాకిస్తాన్‌లో ఉంది) దండయాత్రలో, కొత్త .303 రైఫిల్ గుండు మనిషిలోంచి సూదిలా దూసుకుపోతోంది, మనిషి ఆగడం లేదని బ్రిటిష్ సైనికులు ఫిర్యాదు చేశారు. కలకత్తా శివారు డమ్‌డమ్ ఆయుధాగారంలో బెర్టీ-క్లే అనే అధికారి గుండు కొసన లోహపు తొడుగు తగ్గించి, సీసం బయటికి కనిపించేలా చేయించాడు. ఆ ఊరి పేరే ప్రపంచ భాషలన్నిటికీ ఎక్కింది. అయితే దానికీ ఓ జబ్బుంది. తొడుగు అడుగు వైపు కూడా తెరిచే ఉండడంతో, సీసం ముందుకు దూకి తొడుగు గొట్టంలో ఇరుక్కునే ప్రమాదం వచ్చింది. తర్వాతి రకాలకు ముక్కున గుంట పెట్టి, తొడుగు అడుగు మూసేశారు. సాక్షాత్తూ ఆయుధాగారంలో చేసిందానికే ఈ తిప్పలు. 1899 జులై 29న హేగ్ ప్రకటన యుద్ధంలో ఇలాంటి గుళ్లను నిషేధించింది. బ్రిటన్ దానికి ఒప్పుకున్నది 1907లో. ఆ నిషేధం యుద్ధానికే, వేటకు కాదు.

ఇప్పుడు పంది దగ్గరికొద్దాం. టూటూ లాంగ్ రైఫిల్‌కు చాలావాటిలో తొడుగే ఉండదు, ఉత్త మెత్తని సీసం. గుంట ముక్కు రకాలను ఫ్యాక్టరీలే చేస్తాయి, కుందేళ్లకూ ఉడతలకూ. గుండు ఎంత విచ్చుకుంటే అంత త్వరగా ఆగిపోతుంది. బలిసిన మగ పందికి భుజాల మీద చర్మం కింద డాలులాంటి గట్టి పొర ఉంటుంది. పోటీ తూటా గొట్టం దాటేటప్పుడు ఉండే శక్తి 140 జౌల్స్ దగ్గర. పందిని పడగొట్టడానికి కావలసింది లోతు. చెక్కడం వల్ల తగ్గేదీ ఆ లోతే. పంది పడదు, గాయంతో పొదల్లోకి పోతుంది. గాయపడ్డ పంది ఎదురు తిరిగితే ఏమవుతుందో కొండ ఊళ్లలో పిల్లలకు కూడా తెలుసు.

చట్టం సంగతి రెండు ముక్కల్లో అయిపోతుంది. 1959 ఆయుధాల చట్టం సెక్షన్ 5 ప్రకారం తుపాకీనే కాదు, తూటాను తయారు చేయాలన్నా మార్చాలన్నా లైసెన్సు ఉండాలి. 2019 సవరణతో దీన్ని మీరితే పడే శిక్ష కనీసం ఏడేళ్లకు, గరిష్ఠంగా యావజ్జీవానికి పెరిగింది. పందిని చంపడానికి వన్యప్రాణి చట్టం కింద వేరే అనుమతి కావాలి. చేతిలో లైసెన్సు తుపాకీ ఉన్నంత మాత్రాన అది రాదు.

టూటూ తూటాల పెట్టె మీద చిన్న అక్షరాల్లో ఒక హెచ్చరిక ఉంటుంది: ఒకటిన్నర మైలు దూరం వరకు ప్రమాదం. మా కొండ కింది చేను గట్టు మీద నిలబడి ఒకటిన్నర మైలు లెక్కేస్తే రెండు ఊళ్లు, ఒక బడి, గుణుపురం వెళ్లే రైలు పట్టాలు అందులోకే వస్తాయి.