ఎంఎక్స్ రికార్డు బాగుంటే మెయిల్ చేరినట్టేనా? అపోహలు – వాస్తవాలు

హైదరాబాద్‌లోని చిన్న వ్యాపార సంస్థల మెయిల్ వ్యవస్థలను చూసుకోవడం నా వృత్తి. "మా కొటేషన్లు అవతలివాళ్లకు చేరడం లేదట, ఎంఎక్స్ ఒకసారి చూడండి" అంటూ వారానికి ఒక్క ఫోనైనా వస్తుంది. మొదటి అపోహ ఆ మాటలోనే ఉంది.

అపోహ: మనం పంపిన మెయిల్ చేరలేదంటే లోపం ఎంఎక్స్‌లోనే.

వాస్తవం: మన డొమైన్‌కు వచ్చే మెయిల్‌ను ఏ సర్వర్‌కు అప్పగించాలో బయటివారికి చెప్పేది ఎంఎక్స్, అంటే డీఎన్ఎస్‌లో (ఇంటర్నెట్ చిరునామాల పుస్తకంలో) ఉండే ఒక రికార్డు. మనం పంపే మెయిల్ విషయంలో అవతలి సర్వర్ ముఖ్యంగా చూసేది ఎస్‌పీఎఫ్ (మన పేరిట మెయిల్ పంపే అనుమతి ఉన్న సర్వర్ల జాబితా), డీకిమ్ (మెయిల్‌పై డొమైన్ పేరిట పడే డిజిటల్ సంతకం), డీమార్క్ (ఆ రెండింటిలో ఒకటైనా పంపినవారిగా కనిపించే డొమైన్ పేరిటే పాసవ్వాలనే నియమం) రికార్డులను, పంపిన ఐపీ అడ్రసుకు రివర్స్ డీఎన్ఎస్ (ఆ అడ్రసు ఏ సర్వర్ పేరిట ఉందో చెప్పే రికార్డు) ఉందా లేదా అన్నదాన్ని. 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్ ఖాతాలకు రోజుకు 5,000కు పైగా మెయిళ్లు పంపేవారికి ఆ మూడు రికార్డులూ తప్పనిసరి.

రాణీగంజ్‌లో పంపుల విడిభాగాలు అమ్మే ఒక వ్యాపారి డొమైన్‌లో ఎంఎక్స్ నిక్షేపంగా ఉంది. టెక్స్ట్ రికార్డులు తెరిస్తే మాత్రం ఎస్‌పీఎఫ్ వరుసలు రెండు కనిపించాయి. ఒకటి మెయిల్ సర్వీసుది, రెండోది బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ పెట్టిన కుర్రాడు చేర్చినది. ఒక డొమైన్‌కు ఎస్‌పీఎఫ్ వరుస ఒక్కటే ఉండాలి. రెండున్నప్పుడు స్వీకరించే సర్వర్ వాటిలో మంచిదాన్ని ఏరుకోదు, పరీక్ష మొత్తాన్నీ దోషంగా తేల్చేస్తుంది. రెండింటినీ ఒకే వరుసలో కలిపాము; అలా కలిపేటప్పుడు ఆ వరుసను పరీక్షించడానికి అవతలి సర్వర్ చేయాల్సిన డీఎన్ఎస్ వెతుకులాటలు 10 దాటకుండా చూసుకోవాలి.

అపోహ: ఎంఎక్స్ రికార్డుల్లో పెద్ద ప్రాధాన్య అంకె ఉన్న సర్వరే ప్రధానం.

వాస్తవం: కాదు. 10, 20 ఉంటే ముందు 10నే ప్రయత్నిస్తారు.

అపోహ: ఎంఎక్స్‌లో నేరుగా ఐపీ అడ్రసు రాసినా నడుస్తుంది.

వాస్తవం: అక్కడ ఉండవలసింది సర్వర్ పేరు, ఆ పేరు సీనేమ్ (మరో పేరుకు మారుపేరు) కాకూడదు, దానికి సొంత అడ్రసు రికార్డు ఉండాలి. కొన్ని సర్వర్లు చూసీ చూడనట్టు పోతాయి కాబట్టి "జీమెయిల్ నుంచి వస్తోంది కదా" అని వాదించేవారున్నారు. రానిది ఎవరి మెయిలో వారికి తెలిసే దారి లేదు.

అపోహ: బ్యాకప్ ఎంఎక్స్ లేకపోతే, సర్వర్ ఆగినప్పుడు వచ్చే మెయిళ్లన్నీ పోతాయి.

వాస్తవం: పంపే సర్వర్ మెయిల్‌ను క్యూలో పెట్టుకుని కనీసం నాలుగైదు రోజులు మళ్లీ మళ్లీ ప్రయత్నించాలని మెయిల్ రవాణాకు వాడే ఎస్ఎంటీపీ ప్రమాణం చెబుతోంది. ఎవరూ పట్టించుకోని పాత బ్యాకప్ సర్వర్ స్పామ్‌కు దొడ్డిదారి అవుతుంది. దాన్ని తీసేయడమే మంచిదని నా అభిప్రాయం.

అపోహ: రికార్డు మార్చాక 48 గంటలు ఆగక తప్పదు.

వాస్తవం: ఆగవలసిన కాలాన్ని పాత రికార్డు టీటీఎల్ (ఇతర సర్వర్లు ఆ రికార్డును దాచుకుని వాడే కాలం) నిర్ణయిస్తుంది. అది 86400 సెకన్లయితే, మార్పుకు ఒక రోజు ముందే 300కు తగ్గించి, పాత సర్వర్‌ను మరికొన్నాళ్లు నడవనివ్వాలి.

అపోహ: పరీక్షించే సైటులో అన్నీ ఆకుపచ్చగా కనిపిస్తే పని పూర్తయినట్టే.

వాస్తవం: ఆ సైటు చూసేది రికార్డులను, మెయిల్‌ను కాదు. రాణీగంజ్ వ్యాపారి కొటేషన్లు ఇన్‌బాక్సుకు చేరసాగాయి గానీ, బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ పంపే ఇన్వాయిసులు స్పామ్‌లోనే పడుతూ వచ్చాయి. ఒక ఇన్వాయిసును జీమెయిల్‌లో తెరిచి 'షో ఒరిజినల్' నొక్కితే ఎస్‌పీఎఫ్ పాస్, డీమార్క్ ఫెయిల్ అని ఉంది. రిటర్న్ పాత్‌లో (చేరని మెయిల్ తిరిగి వెళ్లే చిరునామాలో; ఎస్‌పీఎఫ్ పరీక్ష జరిగేది దానిలోని డొమైన్ మీదే) ఆ సాఫ్ట్‌వేర్ సంస్థ సొంత డొమైన్ ఉండటం వల్ల పాసైనది వారి ఎస్‌పీఎఫ్, ఈయనది కాదు. సాఫ్ట్‌వేర్ సెట్టింగుల్లో ఈయన డొమైన్ పేరిట డీకిమ్ సంతకాన్ని ఆన్ చేసి, వారిచ్చిన కీని డీఎన్ఎస్‌లో చేర్చి మరో ఇన్వాయిసు పంపి చూస్తే, డీమార్క్ వరుసలోనూ పాస్ కనిపించింది.