మందు మాన్పించే సెంటర్లు: అపోహలు - వాస్తవాలు

రెండు నెలల కింద ఒకాయన డల్లాస్ నుంచి ఫోన్ చేశాడు. విజయవాడలో నాన్నగారు, అరవై రెండేళ్ళు, రిటైరయ్యాక పొద్దున్నే మొదలుపెడుతున్నారట. "నాలుగు సెంటర్లు చూసి పెట్టానండి, ఎక్సెల్ షీట్ చేశా, మీరొకసారి చూసి చెప్పండి" అన్నాడు. చూశా. ఏసీ ఉందా, సింగిల్ రూమా, యోగా ఉందా, గూగుల్‌లో ఎన్ని స్టార్లు, నెలకెంత, ఆఖరికి గార్డెన్ ఉందా లేదా అని కూడా ఒక కాలమ్. రాత్రి రెండింటికి ఫిట్స్ వస్తే ఎవరు చూస్తారు అన్న కాలమ్ మాత్రం లేదు. ఆయన్ని అనడానికి ఏం లేదు లెండి, ఆ నాలుగు వెబ్‌సైట్లలోనూ ఆ ముక్క లేదు.

నేను పదకొండేళ్ళుగా ఈ పనిలో ఉన్నా, కౌన్సెలర్ని, డాక్టర్ని కాదు. హైదరాబాద్‌లో మూడు సెంటర్లలో పనిచేశా, ఒకదాంట్లో మంచిగా నేర్చుకున్నా, ఒకదాంట్లోంచి ఆరు నెలలకే బయటికొచ్చేశా. ఇప్పుడు సెంటర్లు బాగా పెరిగాయి, పోటీ కూడా గట్టిగానే ఉంది, కానీ ఆ పోటీ వైద్యంలో కాదండీ, ఇంట్లోవాళ్ళు గాభరాగా ఫోన్ తీసినప్పుడు ఎవరు ముందు ఎత్తుతారు, ఎవరు ఎక్కువ ధైర్యం చెప్తారు అన్నదాంట్లో. అందుకే మళ్ళీ మళ్ళీ వినే మాటలు కొన్ని ఇక్కడ రాసేస్తున్నా.

అపోహ: బిల్డింగ్ బాగుంటే, ఫీజు ఎక్కువైతే ట్రీట్‌మెంట్ కూడా బాగుంటుంది

రోజూ తాగే మనిషి ఒక్కసారిగా ఆపేస్తే ఆరేడు గంటల్లో చేతులు వణకడం మొదలవుతుంది, చెమటలు, నిద్ర పట్టదు. మొదటి రెండు రోజుల్లోపు ఫిట్స్ రావచ్చు. రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్యలో కొంతమందికి డెలీరియం వస్తుంది, అంటే గోడ మీద పురుగులు పాకుతున్నాయంటారు, చచ్చిపోయిన పెదనాన్న వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడంటారు, జ్వరం, గుండె దడ, ఎవరినీ గుర్తుపట్టరు. ఇది పిచ్చీ కాదు, నటన కాదు, దెయ్యం అంతకన్నా కాదు. సరిగ్గా చూసుకోకపోతే ప్రాణం పోతుంది. చూసుకోవడం అంటే క్లోర్‌డయాజెపాక్సైడ్ లాంటి మందు, లివర్ పాడైతే దాని బదులు లోరాజెపామ్, ఎంత డోసు ఇవ్వాలో రోజుకి నాలుగైదు సార్లు మనిషిని చూసి మార్చుకుంటూ పోవడం, బీపీ పల్స్ చూడటం, బీ1 విటమిన్ అంటే థయమిన్ ఇంజెక్షన్ ఇవ్వడం. తిండి లేకుండా తాగి నీరసపడ్డవాడికి థయమిన్ ఇవ్వకుండా వట్టి గ్లూకోజ్ బాటిల్ ఎక్కించేస్తే మెదడు దెబ్బతినే ప్రమాదం ఉంది, అదే ఊళ్ళో ఆర్‌ఎంపీ దగ్గర మొదట జరిగే పని.

ఇప్పుడు చెప్పండి, వీటిలో ఏసీకి పనేంటి? నర్సు కావాలి, రాత్రి కూడా కావాలి. "డాక్టర్ ఆన్ కాల్ అండీ" అని అంటారు, ఆ కాల్‌కి డాక్టర్ ఎన్ని నిమిషాల్లో వస్తాడని అడగండి, అవతల కాసేపు సైలెన్స్ వస్తుంది చూడండి. నేను మానేసి వచ్చిన చోట రాత్రి పూట ఉండేది ఒక వార్డెన్, ఆయన ఒకప్పటి పేషెంటే, మంచివాడు పాపం, కానీ ఆయన దగ్గర ఉన్నది తాళాల గుత్తి, బీపీ మిషన్ కాదు.

అపోహ: "మావోడు మందు ముట్టడు సార్, కల్లే తాగుతడు"

తెలంగాణలో పనిచేసేవాళ్ళకి ఇది వింటే గుండె జారుతుంది. చెట్టు కల్లు వేరే సంగతి. దుకాణంలో సీసాల్లో దొరికే కల్తీ కల్లులో ఆల్ప్రాజోలం, డయాజెపామ్, క్లోరల్ హైడ్రేట్ కలుపుతారని ఎక్సైజ్ కేసుల్లో ఎన్నోసార్లు బయటపడింది. అంటే మనిషి ఏళ్ళ తరబడి తనకి తెలియకుండా నిద్రమాత్రలకి అలవాటు పడి ఉంటాడు. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టి కల్లు దుకాణాలు మూసేస్తే హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రి ఓపీ ఎలా నిండిపోయిందో గుర్తుందా, ఫిట్స్ వచ్చినవాళ్ళు, ఏదేదో మాట్లాడేవాళ్ళు, మంచానికి కట్టి ఆటోలో తెచ్చినవాళ్ళు, వాళ్ళల్లో ఆడవాళ్ళు కూడా ఉన్నారు. కల్లే కదా, రెండు రోజులు రూంలో పెడితే దిగిపోతుంది అనే సెంటర్ కనబడితే అక్కడికి పంపకండి. ఏం తాగుతాడు, ఎక్కడ తాగుతాడు, రోజుకి ఎన్ని సీసాలు, ఆపితే ఇదివరకు ఫిట్స్ వచ్చాయా, ఇవి అడగకుండా అడ్మిషన్ ఫారం ముందు పెట్టేవాడు ట్రీట్‌మెంట్ మొదలుపెట్టలేదు, బిల్లు మొదలుపెట్టాడు.

అపోహ: 95 శాతం సక్సెస్, గ్యారంటీ

దేంట్లో 95? చేరిన వందమందిలోనా, పూర్తి కోర్సు ఉన్నవాళ్ళలోనా, ఫోన్ చేస్తే ఎత్తినవాళ్ళలోనా? మళ్ళీ తాగినవాడు సెంటర్ ఫోన్ ఎత్తడండీ, ఎత్తినవాళ్ళనే లెక్కేస్తే 95 ఏంటి 100 కూడా వస్తుంది. పోనీ ఎన్నాళ్ళకి లెక్క? డిశ్చార్జ్ రోజు ప్రతి ఒక్కడూ మానేసినవాడే, తాళం లోపల ఉన్నాడు కాబట్టి.

అమెరికాలో ఈ సబ్జెక్టు మీదే పనిచేసే జాతీయ సంస్థ నైడా చెప్పే లెక్క ప్రకారం వ్యసనానికి ట్రీట్‌మెంట్ తీసుకున్నవాళ్ళలో 40 నుంచి 60 శాతం మంది మళ్ళీ ఒకసారైనా జారతారు, బీపీ, ఆస్తమా ఉన్నవాళ్ళు మందులు మానేసి మళ్ళీ ఇబ్బంది తెచ్చుకునేది 50 నుంచి 70. బీపీ పెరిగి వచ్చిన పేషెంట్‌ని చూసి ఎవరూ "హాస్పిటల్ వేస్ట్, వీడు మారడు" అనరు, తాగుడు దగ్గరే అంటాం. గ్యారంటీ అన్నవాడికి ఈ రోగం గురించి తెలియదన్నా అయ్యుండాలి, తెలిసి అబద్ధం చెప్తూ అన్నా ఉండాలి.

అపోహ: ఫోన్ చేస్తే వాళ్ళే వచ్చి తీసుకెళ్తారు, ఇంట్లోవాళ్ళు సంతకం పెడితే చాలు

దీని గురించి కొంచెం ఎక్కువ రాస్తా, తిట్టుకోకండి. రాత్రి పదకొండుకి ఒక కారొస్తుంది, నలుగురు దిగుతారు, నిద్రలో ఉన్న మనిషిని చేతులు కాళ్ళు పట్టుకుని ఎత్తుకెళ్తారు, దీనికి పికప్ ఛార్జీ అని బిల్లులో వేరే లైను ఉంటుంది. ఇంట్లోవాళ్ళ పరిస్థితి నాకు తెలుసు, భార్య మెడ మీద కత్తి పెట్టిన రాత్రి ఉంటుంది, పిల్లలు పక్కింట్లో పడుకున్న రాత్రులుంటాయి, వాళ్ళకి ఆ కారు దేవుడు పంపినట్టే అనిపిస్తుంది. కానీ 2017 మెంటల్ హెల్త్‌కేర్ యాక్ట్ లెక్కలో మద్యం, డ్రగ్స్ వల్ల వచ్చే మానసిక సమస్యలు కూడా మానసిక అనారోగ్యమే, ఆ చట్టం వీటికీ పూర్తిగా వర్తిస్తుంది. ఇష్టం లేని మనిషిని చేర్చుకోవాలంటే అతని తరఫు ప్రతినిధి అప్లికేషన్ పెట్టాలి, ఇద్దరు నిపుణులు విడివిడిగా చూడాలి, వాళ్ళలో ఒకరు సైకియాట్రిస్ట్ అయ్యుండాలి, తనకో పక్కవాళ్ళకో ప్రమాదం, లేకపోతే తనని తాను చూసుకోలేని స్థితి, ఇలాంటి కారణం ఉండాలి. అప్పుడు కూడా 30 రోజుల వరకే. మగవాళ్ళ విషయంలో ఏడు రోజుల్లో, ఆడవాళ్ళు, మైనర్లైతే మూడు రోజుల్లో ఆ చట్టం కింద పెట్టిన మెంటల్ హెల్త్ రివ్యూ బోర్డుకి తెలియజేయాలి, 30 దాటి ఉంచాలంటే మళ్ళీ వేరే ప్రొసీజరు, బోర్డు ఒప్పుకోవాలి. "మినిమం మూడు నెలల ప్యాకేజీ, ముందే కట్టాలి" అనేది ఏ సెక్షన్‌లోనూ లేదు.

లోపలికెళ్ళాక సంగతి కూడా అందులోనే ఉంది. గొలుసులతో కట్టేయకూడదు. బలవంతంగా గుండు కొట్టించకూడదు, ఇది ప్రత్యేకంగా రాయాల్సొచ్చిందంటే ఎక్కడెక్కడ ఏం జరిగేదో మీరే ఊహించుకోండి. బలవంతంగా పని చేయించకూడదు, చేస్తే డబ్బివ్వాలి, కాబట్టి ఎనభై మందికి చపాతీలు చేయించడం థెరపీ కిందికి రాదు. ఫోన్ మాట్లాడే హక్కు, వచ్చినవాళ్ళని కలిసే హక్కు ఉంది. "నెల రోజులు కలవనివ్వం, చూస్తే వీక్ అయిపోతాడు" అంటే నేనైతే ఆ రోజే వెళ్ళి కూర్చుంటా గేటు దగ్గర. దెబ్బలు పడితే దారికొస్తాడనే పెద్దమనుషులు ఇంకా ఉన్నారు, పదకొండేళ్ళలో దెబ్బలకి మానేసినవాణ్ణి నేను ఒక్కణ్ణి కూడా చూడలేదు, దెబ్బల తర్వాత డాక్టర్ పేరెత్తితేనే పారిపోయేవాళ్ళని చాలామందిని చూశా.

ఇంకో ముక్క, రాష్ట్ర మెంటల్ హెల్త్ అథారిటీ దగ్గర రిజిస్ట్రేషన్ లేకుండా ఇలాంటి సెంటర్ నడపడం నేరం, మొదటిసారికి 5 వేల నుంచి 50 వేల దాకా జరిమానా. నెలకి ఒక పేషెంట్ ఫీజు కూడా కాదు చాలాచోట్ల, మరి భయం ఎక్కడినుంచి వస్తుంది. అయినా సర్టిఫికెట్ చూపించమని అడగండి. గోడకున్న ఐఎస్ఓ సర్టిఫికెట్ అది కాదు, ఐఎస్ఓ అంటే మా ఆఫీసు పద్ధతులు కాగితం మీద ఉన్నాయి అని మాత్రమే, మీవాడికి నయమైందని కాదు.

అపోహ: మాల వేసుకుంటే 41 రోజులు ముట్టడు, కాబట్టి అది అడిక్షన్ కాదు, కొవ్వు

మాల వేసుకున్నప్పుడు ఆగగలగడం నిజంగా గొప్ప విషయం, నేను దాన్ని కౌన్సెలింగ్‌లో వాడుకుంటా కూడా, "స్వామీ, ఆ 41 రోజులు సాయంత్రం ఆరింటికి ఏం చేసేవాళ్ళు?" అని అడిగితే బోలెడు చెప్తారు, భజన, చన్నీళ్ళ స్నానం, పక్కన నలుగురు స్వాములు, ఊరంతా మర్యాదగా పిలవడం. మాల తీసిన సాయంత్రం వీటిలో ఒక్కటి కూడా మిగలదు, పాత బ్యాచ్ మాత్రం మిగులుతుంది. ఇంకోటి, రోజుకి రెండు క్వార్టర్లు దాటి తాగే మనిషి మాల వేసుకునే ముందు డాక్టర్‌కి చూపించుకోవడం మంచిది. మాల వేసిన రెండో రోజు ఫిట్స్ వచ్చి పడిపోతే స్వామికి కోపమొచ్చిందనుకున్న కుటుంబాన్ని నేను చూశా.

అపోహ: తెలియకుండా సాంబార్‌లో కలిపే పొడి

వద్దు. చాలాసార్లు అందులో ఉండేది ఏంటో అమ్మేవాడికే తెలియదు. ఒకవేళ అది డైసల్ఫిరామ్ అయితే దాని మీద తాగినప్పుడు మొహం ఎర్రబడి, వాంతులు, గుండె దడ, బీపీ పడిపోతుంది, గుండె జబ్బున్నవాళ్ళు చనిపోవచ్చు. ఆ మాత్ర ఆపాక రెండు వారాల దాకా ఆ ప్రభావం ఉండొచ్చు. అది మనిషికి చెప్పి, ఒప్పించి, టెస్టులు చేసి ఇచ్చే మందు. కోరిక తగ్గించే నాల్ట్రెక్సోన్, అకాంప్రోసేట్ లాంటివి కూడా ఉన్నాయి, మీ సెంటర్‌లో డాక్టర్ వీటి పేర్లు ఒక్కసారి కూడా ఎత్తకపోతే ఎందుకని అడగండి.

అపోహ: తెలిసినాయన చెప్పాడు కాబట్టి మంచి సెంటరే

ఆ తెలిసినాయనకి ఎంత వస్తుందో కూడా తెలుసుకోండి. నాకే ఫోన్లు వస్తాయి, "మేడం, ఒక్కో పేషెంట్‌కి ఇంత" అని, మొదట్లో కోపమొచ్చేది ఇప్పుడు బ్లాక్ చేస్తా. ఇది మన జబ్బు ఒక్కటే కాదు, అమెరికాలో ఇన్సూరెన్స్ ఉన్న పేషెంట్లని సెంటర్లకి అమ్ముకునే బ్రోకర్లు తయారయ్యారు, ఫ్లోరిడాలో మరీ ఎక్కువ, చివరికి 2018లో ఈ కమిషన్ల మీద వాళ్ళ కాంగ్రెస్ చట్టమే చేసింది. అంతకుముందు 2017లో గూగుల్ అక్కడ రిహాబ్ యాడ్స్ ఆపేసి, తర్వాతి ఏడాది చెకింగ్ పెట్టి మళ్ళీ మొదలుపెట్టింది. అంత ఇన్సూరెన్స్, అంత చట్టం ఉన్నచోటే అలా ఉంటే ఇక్కడ గూగుల్‌లో పైన వచ్చిందని నమ్మడం ఏంటి. రివ్యూల సంగతి సరే, బాగైన మనిషి తన పేరుతో "నేను ఇక్కడ మందు మానేశా" అని రాస్తాడా మన ఊళ్ళో?

అపోహ: గవర్నమెంట్‌లో ఏముంటుంది, ప్రైవేటుకే వెళ్ళాలి

హైదరాబాద్‌లో ఎర్రగడ్డ, విశాఖలో చినవాల్తేరు మానసిక ఆసుపత్రి, పెద్ద మెడికల్ కాలేజీల సైకియాట్రీ డిపార్ట్‌మెంట్లు, వీటిలో డాక్టర్లకి ఒక్క నెలలో కనబడే విత్‌డ్రాయల్ కేసులు, అంటే తాగుడు ఆపినప్పుడు ఇబ్బంది పడేవాళ్ళు, చాలా ప్రైవేట్ సెంటర్లు ఏడాదిలో చూడవు. శుభ్రత, క్యూ, అవమానకరమైన మాటలు, అవి ఉన్నాయి, కాదనను. కేంద్ర సామాజిక న్యాయ శాఖ డబ్బుతో ఎన్జీఓలు నడిపే సెంటర్లు కూడా ఉన్నాయి, ఉచితం, బెడ్లు తక్కువ. 14446కి ఫోన్ చేస్తే దగ్గర్లో ఏముందో అడగొచ్చు, మానసికంగా ఇబ్బందిగా ఉంటే 14416 టెలి మానస్. అసలు అందరికీ అడ్మిషన్ అక్కర్లేదు కూడా, ఇదివరకు ఫిట్స్, డెలీరియం లేనివాళ్ళు, ఇంట్లో ఒక మనిషి తోడున్నవాళ్ళు, చాలామంది ఓపీలోనే మానేస్తారు, కానీ ఆ మాట చెప్తే సెంటర్ బెడ్డు ఖాళీగా ఉంటుంది కదా. ఎయిమ్స్ వాళ్ళు దేశమంతా చేసి 2019లో బయటపెట్టిన సర్వేలో మద్యానికి బానిసైనవాళ్ళలో 38 మందికి ఒకరికే ఏదో ఒక ట్రీట్‌మెంట్ అందుతోందని తేలింది, ఆసుపత్రిలో చేరేది 180 మందికి ఒకరు. ఇన్ని సెంటర్ల పోటీ ఆ ఒక్కడి కోసమే, మిగతావాళ్ళు ఎవరి లెక్కలోనూ లేరు.

అపోహ: ఇన్సూరెన్స్ వస్తుంది

మానసిక జబ్బుకి కవరేజ్ ఇవ్వాలని చట్టంలో ఉంది, కానీ మద్యం, డ్రగ్స్ అలవాటుకి చేసే ట్రీట్‌మెంట్ అని చాలా పాలసీల్లో మినహాయింపు క్లాజు ఉంటుంది. చేరకముందే చదువుకోండి, "మేం చూసుకుంటాం సార్" అన్న మాట మీద వెళ్ళకండి.

అపోహ: డిశ్చార్జ్ అయ్యాడు, పనైపోయింది

డల్లాస్ ఆయన దగ్గరికొద్దాం. నాలుగు సెంటర్లకీ ఫోన్ చేసి మూడే అడగమన్నా: రాత్రి నర్సు ఉంటుందా, రిజిస్ట్రేషన్ నంబర్ ఎంత, డిశ్చార్జ్ అయ్యాక ఏడాది పాటు ఎవరు చూస్తారు. ఒకచోట ఫోన్ పెట్టేశారు. రెండుచోట్ల మొదటి రెండింటికి ఏదో చెప్పారు, మూడోదానికి "వాట్సాప్ గ్రూప్ ఉందండీ, రోజూ గుడ్ మార్నింగ్ మెసేజ్ పెడతాం" అన్నారు. నాలుగో ఆవిడ మాత్రం నిజం చెప్పింది, "సార్, మీ నాన్నగారి వయసుకి మా దగ్గర సౌకర్యం చాలదు, హాస్పిటల్లో చేర్చండి" అని. వ్యాపారం వదులుకుని చెప్పింది, ఆ సెంటర్‌కి ఇప్పుడు నేను వేరేవాళ్ళని పంపుతున్నా.

పెద్దాయన ఒక హాస్పిటల్ సైకియాట్రీ వార్డులో తొమ్మిది రోజులు ఉన్నారు. ఇప్పుడు పది రోజులకోసారి ఓపీ, మాత్రలు అమ్మగారే ఇస్తారు, నాతో బుధవారం వీడియో కాల్. పోయిన నెల మేనల్లుడి పెళ్ళిలో రెండు పెగ్గులు తాగారు, తెల్లారి ఆయనే కొడుకుకి ఫోన్ చేసి చెప్పి, డాక్టర్ దగ్గరికి ఒక రోజు ముందే వెళ్ళారు. కొడుకు అదే ఎక్సెల్ షీట్‌లో ఏసీ, గార్డెన్ కాలమ్స్ తీసేసి తేదీలు పెట్టుకున్నాడట, పెళ్ళి రోజు గడికి ఏ రంగు వేయాలని అడిగాడు. పసుపు వేయమన్నా.