రెండు కిటికీలు, ఒక రోలర్: లైకా ఎం3 లోపలి కొలత

"లెన్స్‌లోంచి చూడకుండానే ఫోకస్ కుదిరిందని ఎలా తెలుస్తుంది సార్?" పాత ఫిల్మ్ కెమెరాల గురించి మాట్లాడుతుంటే ఒక ఇంటర్ విద్యార్థి అడిగాడు. ఎంత మంచి ప్రశ్నో! దీనికి జవాబు చెప్పాలంటే జర్మనీలోని వెట్జ్‌లార్‌లో లైట్జ్ కంపెనీ తయారుచేసి 1954లో విడుదల చేసిన లైకా ఎం3 కెమెరాని విప్పి చూపించాలి. అంతకుముందు లైకాల్లో ఫోకస్ చూడటానికి ఒక కన్నం, ఫ్రేమ్ చూడటానికి పక్కనే ఇంకొకటి ఉండేవి. ఎం3 ఆ రెండింటినీ ఒకే వ్యూఫైండర్‌లో కలిపేసింది.

బొటనవేలిని ముఖం ముందు పెట్టి, ఒక్కో కన్నూ మార్చి మార్చి మూయండి. వేలు అటూ ఇటూ గెంతుతుంది. వేలు దగ్గరకొచ్చేకొద్దీ గెంతు పెరుగుతుంది. ఇదే పారలాక్స్. మన ల్యాబుల్లో దీన్ని స్కేలు చదివేటప్పుడు చేయకూడని తప్పుగానే పరిచయం చేస్తారు. దూరాన్ని కొలిచే సాధనంగా ముందు చూపిస్తే పిల్లలు జన్మలో మర్చిపోరు.

ఎం3 ముందు వైపున్న కిటికీల్లో దూరం కొలవడానికి పనికొచ్చేవి రెండు, వాటి మధ్య సుమారు 69 మి.మీ. ఎడం. చిన్న కిటికీలోంచి వచ్చిన బొమ్మ, సగం పారదర్శకమైన అద్దం మీదుగా పెద్ద బొమ్మ నడుమ ఒక చిన్న దీర్ఘచతురస్రంలో పడుతుంది. మీటరు దూరంలో ఉన్న మనిషిని ఆ రెండు కిటికీలూ దాదాపు 4 డిగ్రీల తేడాతో చూస్తాయి. 10 మీటర్ల దగ్గర ఆ తేడా 0.4 డిగ్రీలే.

ఫోకస్ రింగు తిప్పితే లెన్స్ వెనకున్న క్యామ్ (లెన్స్‌తో పాటు కదిలే లోహపు అంచు) కెమెరాలోని చిన్న రోలర్‌ని నెడుతుంది. దాంతో రెండో బొమ్మ పక్కకు జరుగుతుంది. రెండు బొమ్మల్లోని ముక్కులూ ఒకటయ్యాయంటే ఫోకస్ కుదిరినట్టే. 50 మి.మీ. లెన్స్ అనంతం నుంచి మీటరు దూరానికి రావాలంటే సుమారు 2.6 మి.మీ. ముందుకు జరగాలి. అందులో అనంతం నుంచి 10 మీటర్ల దాకా ఉన్న లోకమంతా పావు మిల్లీమీటరులోనే ఇమిడిపోతుంది! 90 మి.మీ. లెన్స్ అయితే మీటరు దూరానికి దాదాపు 9 మి.మీ. జరగాలి. అయినా రోలర్‌కి మాత్రం అదే 2.6 మి.మీ. అందేలా దాని క్యామ్‌ని చెక్కుతారు. ఏ లెన్స్ బిగించారో రోలర్‌కి తెలియనే అక్కర్లేదు. నాకు ఈ కెమెరాలో అన్నిటికన్నా ఇష్టమైన పనితనం ఇదే.

వ్యూఫైండర్ బొమ్మని అసలు సైజుకి 0.91 రెట్లుగా చూపిస్తుంది కాబట్టి కంటికి అందే అసలు ఎడం సుమారు 63 మి.మీ. ఈ ఎడం ఎంత ఎక్కువైతే ఫోకస్ అంత కచ్చితంగా కుదురుతుంది. మన రెండు కళ్ల మధ్య దూరమూ ఇంచుమించు అంతే. అయితే అంత పెద్దగా చూపించడం వల్ల ఇంకా వెడల్పుగా చూసే 35 మి.మీ. లెన్స్ ఫ్రేమ్ అందులో పట్టదు. ఆ లెన్స్‌కు కళ్లజోడు లాంటి గాజు జోడింపు ఇవ్వాల్సి వచ్చింది. తర్వాతి ఎం2లో 0.72 రెట్లకు తగ్గించి 35 ఫ్రేమ్ పట్టించారు, కానీ ఆ 63 కాస్తా 50 మి.మీ. దగ్గరకు పడిపోయింది. 50, 90 లెన్స్‌లు వాడేవాళ్లు ఇప్పటికీ ఎం3నే వెతుక్కోవడానికి కారణం ఇదే.